కొత్త వాటర్ లూప్‌లో పంపు గలగల, ప్రాసెసర్ 90 డిగ్రీలు: సమాధానం

కంప్యూటర్‌ను నీటితో చల్లబరిచే వాటర్ లూప్ కొత్తగా బిగించి నింపాక పంపు గలగలమంటోంది, ప్రాసెసర్ 90 డిగ్రీలకు చేరుతోంది, ఏం చేయాలని అడిగారు. లూప్‌లో గాలి చిక్కుకుంది. నింపిన వెంటనే గలగల శబ్దం, బయోస్‌లోనే (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్‌ల తెరలోనే) 90 డిగ్రీలు అంటే చాలావరకు అదే కారణం. ప్రాసెసర్ మీద పూసిన థర్మల్ పేస్టు జోలికి ఇప్పుడే వెళ్లకండి.

1. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డులకు వెళ్లే కరెంటు వైర్లన్నీ తీసేయండి. పవర్ సప్లైకి 24 పిన్ జంపర్ (మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసే చిన్న ప్లగ్గు) పెట్టి పంపును మాత్రమే నడపండి.

2. రిజర్వాయర్‌లో (లూప్‌లోకి నీళ్లు పోసే ట్యాంకులో) మట్టం పడిపోగానే ఆపి, నింపి, మళ్లీ నడపండి. నీళ్లు లేకుండా తిరిగితే పంపు పాడవుతుంది.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: మూత బిగించి, పంపు నడుస్తుండగా కేసును నెమ్మదిగా నాలుగు వైపులా వంచండి. రేడియేటర్ (నీటి వేడిని గాలిలోకి వదిలే భాగం) మూలల్లో ఇరుక్కున్న గాలి నిలువుగా ఉంచితే కదలదు. రిజర్వాయర్‌లోకి బుడగలు రావడం ఆగేదాకా ఓపికగా చేయండి. వంచినప్పుడు పంపు గాలి పీల్చకుండా చూసుకోండి.

అప్పటికీ వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీద బిగించిన వాటర్ బ్లాకు విప్పి, అడుగున ప్లాస్టిక్ పొర ఒలవకుండా ఉండిపోయిందేమో చూడండి.