‘పైశాచికం’ ఎవరి పేరు?

ప్రశ్న: ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే పేపర్లో ‘పైశాచికం’ అని రాస్తారు. ఆ మృగాళ్లకూ పిశాచాలకూ సంబంధం ఏమిటి? పైశాచి అని ఒక భాష కూడా ఉండేదట. భాషకు ఆ పేరేమిటండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, పిశితం అంటే మాంసం. మాంసం తినేది కాబట్టి పిశాచం అని మన పండితులు వ్యుత్పత్తి చెబుతారు. పిశాచాలను తరిమికొట్టే మంత్రాలు అథర్వవేదంలో చాలా ఉన్నాయి. కానీ పాత సంస్కృత నిఘంటువు అమరకోశం తెరిస్తే ‘పిశాచో గుహ్యకః సిద్ధో భూతోఽమీ దేవయోనయః’ అని ఉంటుంది. చిన్నప్పుడు మా తాతగారి ముందు కూర్చుని వల్లె వేసిన శ్లోకం ఇది. యక్షులు, గంధర్వులు, కిన్నరులతో పాటు పిశాచాలనూ దేవజాతుల్లోనే లెక్కవేశాడు అమరసింహుడు.

మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు మనుస్మృతి మూడో అధ్యాయంలో దొరుకుతుంది. ఎనిమిది రకాల వివాహాల్లో చివరిది పైశాచం. నిద్రలో ఉన్న ఆడదాన్ని, మత్తులో ఉన్నదాన్ని, ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నదాన్ని ఎవరూ లేనిచోట చెరచడమే దాని లక్షణం. అన్నిటిలోకీ పాపిష్ఠిది, అధమమైనది అని స్మృతికారుడే అన్నాడు. అంటే వార్తల్లో మీరు చూసే మాట ఉత్త తిట్టు కాదు. మనిషి చేసే ఈ నేరానికి వేల ఏళ్ల కిందటే ఆ పేరు పెట్టారు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, అంత పాపిష్ఠిది అంటూనే దాన్ని వివాహాల లెక్కలో ఉంచారు. ఆ పిల్ల గతి ఏమిటి? చెరిచినవాడే మొగుడా? మత్తులో ఉన్న స్త్రీ ‘సరే’ అన్నా అది సమ్మతి కాదని ఇవాళ చట్టం చెబుతోంది. నిన్నటి ఐపీసీ 375లోనూ, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63లోనూ దాని పేరు అత్యాచారమే.

ఇక పైశాచి భాష. వరరుచి ప్రాకృత భాషల వ్యాకరణం ‘ప్రాకృతప్రకాశం’లో, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు తన వ్యాకరణంలో దీనికి సూత్రాలు రాశారు. గగనం అందులో గకనం అవుతుంది, మేఘం మేఖం అవుతుంది, రాజా రాచా అవుతాడు. ఎవరు మాట్లాడేవాళ్లన్నది పండితుల మధ్య తగువు. భాషావేత్తల్లో గ్రియర్సన్ వాయవ్య కొండల వాళ్లదన్నాడు, స్టెన్ కోనో వింధ్య ప్రాంతానిదన్నాడు. ఎవరిదైనా, పరాయి జనం పలుకు చెవికి వింతగా తోచి పిశాచాల భాష అనేశారని నా అభిప్రాయం.

ఆ భాషలోనే గుణాఢ్యుడు ‘బృహత్కథ’ రాశాడు. సాతవాహన రాజుకు సంస్కృతం నేర్పే విషయంలో మరో ఆస్థాన పండితుడు శర్వవర్మతో పందెం కాసి ఓడిపోయి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవి పట్టాడు. అక్కడ కాణభూతి అనే పిశాచం చెప్పిన కథలను సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడట. పైశాచి భాష, పైగా నెత్తురు రాత అని సాతవాహన రాజు ఛీ కొట్టాడు. గుణాఢ్యుడు గుండం పేర్చి ఒక్కో ఆకూ చదువుతూ నిప్పుల్లో వేస్తుంటే అడవి జంతువులు మేత మాని కళ్లనీళ్లతో విన్నాయి. మేత మానిన జంతువుల మాంసంలో పస లేక రాజుకు జబ్బు చేసింది. కారణం తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే. పేరు చూసి పారేస్తే ఎంత పోతుందో ఇంతకంటే గట్టిగా చెప్పిన కథ నేను చదవలేదు.

మూర్ఛ వచ్చిన కోడలికి పిశాచి పట్టిందని వేపమండలతో కొట్టడం మా ఊళ్లో నేను కళ్లారా చూశాను. గుంటూరు తీసుకెళ్లి మందులు ఇప్పించాక ఆవిడ పిల్లాపాపలతో చల్లగా బతికింది. అందుకే జబ్బు మనిషిని పిశాచి అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల మీద జరిగే అఘాయిత్యానికి మాత్రం ‘పైశాచికం’ అని రాయండి, తప్పులేదు.

గుణాఢ్యుడి కథ పూర్తిగా కావాలంటే, 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’ మొదటి భాగం ‘కథాపీఠం’ చదవండి.