లెక్కలోని లైను, నేల మీది లైను

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

కరెంటు ట్రాన్స్‌మిషన్ సంస్థలో నిన్ను ప్లానింగ్ విభాగంలో వేశారని ఫోన్‌లో చెబుతున్నప్పుడు నీ గొంతు కాస్త చిన్నబోయింది. సబ్‌స్టేషన్‌లో వేస్తారని ఆశపడ్డావు, తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "లైన్లు చూసేవాళ్లు వేరు, లెక్కలు వేసేవాళ్లు వేరు కదా మావయ్యా" అన్నావు. ఆ మాట రెండు రోజులుగా నా మనసులో నలుగుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో సగం కాలం లైన్ల వెంట తిరిగాను, మిగతా సగం నువ్వు ఇప్పుడు కూర్చున్నలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. ఈ రెండు పనుల మధ్య గోడ లేచిన చోటే ప్రమాదాలు పుట్టడం చూశాను. అందుకే ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను. దాచుకుంటే అవసరమైనప్పుడు మళ్లీ చదువుకోవచ్చు.

ముందు నీ తెర మీది అంకెలతో మొదలుపెడదాం. లోడ్ ఫ్లో, అంటే ఏ లైనులో ఎంత కరెంటు పారుతుందో తేల్చే లెక్క, నడిపితే ప్రతి లైను పక్కనా అది ఎంత మోయగలదో ఒక అంకె ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా నమ్మకు. నేను ప్లానింగ్‌లోకి వచ్చిన కొత్తలో, ఒక 220 కేవీ (కిలోవోల్టుల) లైను మీదికి అదనపు లోడు మళ్లించవచ్చని రాసి సంతకం పెట్టాను. కండక్టర్, అంటే కరెంటు మోసే తీగ, కొత్తది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ వేసవిలో ఒక రాత్రి సబ్‌స్టేషన్ ఆపరేటర్ యార్డులో రౌండుకు వెళ్తే, లైను చివర వేవ్ ట్రాప్ దగ్గర క్లాంపు చీకట్లో ఎర్రగా కనిపించింది. వేవ్ ట్రాప్ అంటే లైను మీదుగా మాటలూ సిగ్నళ్లూ పంపే ఏర్పాటుకు తోడుగా పెట్టే పెద్ద కాయిల్. కండక్టర్ మార్చినవాళ్లు దాన్ని మార్చలేదు. అది పాత కండక్టర్‌కు సరిపోయేలా కొన్నది. నా లెక్కలో ఆ కాయిలే లేదు. ఆ మనిషి ఆ రాత్రి రౌండుకు వెళ్లకపోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. సీటీలు (కరెంటు కొలవడానికి పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లు), ఐసోలేటర్లు (లైనును విడదీసే స్విచ్చులు), జంపర్లు (తీగల్ని కలిపే ముక్కలు), క్లాంపులు, రిలే (తేడా కనిపెట్టి లైనును ఆపించే పరికరం) సెట్టింగు, కండక్టర్, వీటిలో ఏది అన్నిటికంటే తక్కువైతే ఆ లైను బలం అంతే. ఒక్కో లైనుకూ ఈ జాబితా రాయించు. ఆఫీసు ఫైలు చూసి కాదు, యార్డులో నేమ్‌ప్లేటు చదివి రాయించాలి.

కండక్టర్ బలం కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. ఎండ మండిపోతూ గాలి కదలని మధ్యాహ్నం తీగ తనలోని వేడిని వదులుకోలేదు. వేడెక్కిన తీగ సాగుతుంది, సాగి కిందికి వేలాడుతుంది. వేసవిలో లోడు పెరిగే ప్రాంతంలో, తీగ మీద భారం ఎక్కువయ్యే గంట, దాని శక్తి తగ్గే గంట ఒకటే. చల్లని వాతావరణానికి లెక్కగట్టిన అంకెతో వేసవిని చూడొద్దు.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య భాగంలోనూ కెనడాలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో 345 కేవీ లైన్లు ఒకదాని తర్వాత ఒకటి కింద పెరిగిన చెట్లను తాకి ట్రిప్ అవడంతో, అంటే వాటంతట అవే ఆగిపోవడంతో, అది ముదిరింది. అలా చెట్టు తగిలి పోయిన మొదటి లైను, ఆ సమయంలో తన సామర్థ్యంలో సగం కూడా మోయడం లేదు. ప్లానింగ్ లెక్క ప్రకారం దానికి ఏ ఇబ్బందీ ఉండకూడదు. ఆ లెక్కలో చెట్టు లేదు. కంట్రోల్ రూమ్‌లో అలారాలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్పటికే ఆగిపోయింది. ఆగిందని కూడా ఆపరేటర్లకు గంటకు పైగా తెలియలేదు. కాబట్టి లైను కింద కొమ్మలు కొట్టించే బడ్జెట్ తగ్గించమని ఎవరైనా అంటే, అది మెయింటెనెన్సు వాళ్ల గొడవలే అని నువ్వు పక్కకు తప్పుకోకు. నీ మెగావాట్లు ఆ కొమ్మల మీద ఆధారపడి ఉన్నాయి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఒక లైనో ట్రాన్స్‌ఫార్మరో హఠాత్తుగా పోయినా మిగతావి ఓవర్‌లోడ్ కాకుండా, వోల్టేజీ జారకుండా నిలబడాలి. దీన్నే ఎన్-1 అంటామని నీకు తెలుసు. చాలామంది ఏం చేస్తారంటే, అన్నీ సర్వీసులో ఉన్నాయనుకుని, అందులోంచి ఒక్కొక్కటే తీసి చూసి, పాసయిందని ఫైలు మూసేస్తారు. పెద్ద వ్యవస్థలో అన్నీ సర్వీసులో ఉండే రోజులు ఎన్ని ఉంటాయి? ఎక్కడో ఒకచోట ఒక లైను షట్‌డౌన్‌లో (పని కోసం ఆపి) ఉంటుంది, ఒక బ్రేకర్ (లైనును తెరిచి మూసే పెద్ద స్విచ్) ఓవర్‌హాలింగ్‌లో ఉంటుంది. ఆ రోజు ఇంకొకటి పోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న ప్లానింగ్ దశలోనే వేసుకోకపోతే, తర్వాత షట్‌డౌన్ అడిగిన ప్రతిసారీ "ఇప్పుడు కుదరదు, వచ్చే నెల చూద్దాం" అనే జవాబే వస్తుంది. మెయింటెనెన్సు వాళ్లు బద్ధకించి పని ఆగిందని అందరూ అనుకుంటారు. నిజానికి వాళ్లకు లైను ఖాళీ చేసి ఇచ్చే చోటే ప్లానర్ మిగల్చలేదు. అలా మూడేళ్లు వాయిదా పడిన లైను, నీ లెక్కలో ఎన్-1 పాసయిన లైను ఒక్కటేననుకోకు. ప్రతి కారిడార్‌నూ కనీసం ఒకటి షట్‌డౌన్‌లో ఉన్నట్టు పెట్టి, ఆ పైన ఇంకొకటి తీసి చూడు. ఏ నెలలో, రోజులో ఏ గంటల్లో అది పాసవుతుందో రాసిపెట్టు. మెయింటెనెన్సు వాళ్లకు నువ్వు ఇవ్వగలిగిన కాలెండర్ అదే. ఒకే టవర్ మీద వెళ్లే రెండు సర్క్యూట్లనూ రెండు వేర్వేరు లైన్లుగా లెక్కపెట్టుకుని నిశ్చింతగా ఉండకు. టవర్ పడితే రెండూ కలిసే పోతాయి.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2012 జులై 30 తెల్లవారుజామున మన ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది గుర్తుంది కదా, నువ్వు అప్పటికి స్కూల్లో ఉన్నావు. బీనా-గ్వాలియర్ మధ్య 400 కేవీ సర్క్యూట్లలో ఒకటి, దాన్ని 765 కేవీకి పెంచే పని కోసం షట్‌డౌన్‌లో ఉంది. మిగిలిన దాని మీద భారం పెరిగిపోయింది. తీగ తెగలేదు, ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) రాలేదు. ఎక్కువ లోడు, తగ్గిన వోల్టేజీ చూసి, ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో కొలిచే రిలే దాన్ని ఫాల్ట్ అనుకుని ట్రిప్ ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే చోట మొదలై ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతాలు చీకటయ్యాయి. ఒక షట్‌డౌన్, ఒక రిలే సెట్టింగు, తీసుకోవాల్సినదాని కంటే ఎక్కువ కరెంటు లాగిన రాష్ట్రాలు, ఇవన్నీ ఒకే రోజు కలిశాయి. అందుకే నెట్‌వర్క్‌లో కొత్త లైను కలిసినా, పాతది షట్‌డౌన్‌కు వెళ్లినా, దాని పక్క లైన్ల రిలే సెట్టింగులు ఆ కొత్త లోడుకు సరిపోతాయో లేదో ప్రొటెక్షన్ వాళ్లతో కూర్చుని చూడు. వాళ్లు పిలిచేదాకా ఆగకు.

నీది ప్రాంతీయ వ్యవస్థ, పక్కవాళ్లతో కలిసి నడవాలి. 2006 నవంబరు 4 రాత్రి జర్మనీలో ఎమ్స్ నది మీద ఒక పెద్ద ఓడ దాటడం కోసం 380 కేవీ డబుల్ సర్క్యూట్ లైనును ఆపారు. ముందు అనుకున్న సమయం అర్ధరాత్రి దాటాక. దాన్ని ముందుకు జరిపారు. మారిన సమయానికి లెక్కలు సరిగ్గా మళ్లీ వేసుకోలేదు, పొరుగు సంస్థలకు ఆలస్యంగా తెలిసింది. పైగా రెండు సంస్థల హద్దులో ఉన్న ఒక లైనుకు అటు చివర ఒక రిలే సెట్టింగు, ఇటు చివర ఇంకో సెట్టింగు ఉన్నాయి. ఆ సంగతి ఒకరికి తెలిసి ఒకరికి తెలియదు. ఆ లైను ట్రిప్ అవడంతో యూరప్ గ్రిడ్ మూడు ముక్కలయింది. నువ్వు హద్దు లైన్ల జాబితా తీసి, అవతలి ఇంజినీరుతో ఫోన్‌లో మాట్లాడి, రెండు చివర్ల అంకెలూ పక్కపక్కన రాసుకో. షట్‌డౌన్ గంట మారితే అది కొత్త షట్‌డౌన్ కిందే లెక్క. మొదటి నుంచీ మళ్లీ చూడాల్సిందే.

లోడు తక్కువగా ఉండే రాత్రుల్ని ప్లానర్లు తేలిగ్గా తీసుకుంటారు. పొడవైన 400 కేవీ లైను ఖాళీగా ఉంటే దాని అవతలి చివర వోల్టేజీ పెరుగుతుంది. రెండు కండక్టర్ల 400 కేవీ లైనుకు సహజ భారం 500 మెగావాట్లకు అటూ ఇటూ. దానికి బాగా తక్కువైతే లైనే రియాక్టివ్ పవర్ (పని చేయదు గానీ వోల్టేజీని పైకీ కిందికీ నడిపే పవర్) పుట్టిస్తుంది, మించితే తానే తినేస్తుంది. దాన్ని పీల్చుకునే కాయిళ్లు, అంటే రియాక్టర్లు, సరిపడా లేకపోతే వోల్టేజీ దించడానికి లైన్లనే ఆపుకోవాల్సి వస్తుంది. అలా ఆపిన ప్రతిసారీ గ్రిడ్ పలచనవుతుంది. ఇప్పుడు సౌర విద్యుత్తు పెరగడంతో మధ్యాహ్నం కూడా కొన్ని లైన్లలో కరెంటు ఎదురు తిరుగుతోంది. సాయంత్రం పీక్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకు. సౌర కేంద్రం ఏడాది రెండేళ్లలో లేచి నిలబడుతుంది, దాని కరెంటు మోసే లైనుకు స్థలం, అనుమతులు, పునాదులు కలిపి అంతకంటే ఎక్కువ పడుతుంది. కొత్త సబ్‌స్టేషన్‌లో రెండు ఖాళీ బేలకు, అంటే కొత్త లైన్లు కలిపే అరలకు, చోటు ఉంచమని అడగడానికి మొహమాటపడొద్దు. తర్వాత ఆ చోటు ఎంత పెట్టినా దొరకదు.

ఇప్పుడు నేల మీదికి రా. ఏడాదికి ఒక్క లైనైనా లైన్‌మెన్‌తో కలిసి టవర్ టవర్‌కీ నడువు. కాంక్రీటులోంచి కాలు బయటికొచ్చే చోట తుప్పు చూడు, నీళ్లు నిలిచేది అక్కడే. బ్రేసింగ్ కమ్మీలు ఎవరైనా విప్పుకుపోయారా చూడు. గాలివానలో ఒక టవర్ ఒరిగితే తీగ లాగుడుకు పక్కవి కూడా వరసగా ఒరుగుతాయి. తీగను టవర్‌కు వేలాడదీసే ఇన్సులేటర్ డిస్కులకు దుమ్ము పట్టి, వాటి మీద తెల్లవారుజామున మంచు కురిస్తే ఫ్లాష్‌ఓవర్లు వస్తాయి, అంటే డిస్కుల మీదుగా కరెంటు దూకుతుంది. అలాంటి స్పాన్లు (రెండు టవర్ల మధ్య భాగాలు) లైన్‌మెన్‌కు కంఠతా వస్తాయి, నీ మోడల్‌లో ఉండవు. చిన్న ముక్క అని దేన్నీ వదలొద్దు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో 85 మందిని బలిగొన్న కార్చిచ్చు, ఒక ట్రాన్స్‌మిషన్ టవర్ మీద సుమారు వందేళ్లుగా రాపిడికి అరిగి తెగిన ఇనుప కొక్కెం దగ్గర మొదలైంది. కింద నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తే ఆ అరుగుదల కనిపించదు. మనిషి ఎక్కి చూడాలి, లేదా డ్రోన్ దగ్గరగా పంపాలి.

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో నూనె పరీక్ష ఫలితాలు ఒకసారివి చూసి ఏమీ అనుకోకు, వరసగా పెట్టుకుని చూడు. అసిటిలీన్ కొత్తగా కనిపించిందంటే లోపల ఎక్కడో ఆర్క్ వస్తోంది, ఆ రోజే కదలాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పోతే కొత్తది రావడానికి నెలలు పడుతుంది కాబట్టి స్పేర్ ఎక్కడుంది, దాన్ని తరలించే బండి ఏ వంతెన మీదుగా వెళ్లగలదు అనేది కూడా ప్లానింగే.

బ్యాటరీ గది గురించి ఎవరూ ఉత్తరాలు రాయరు, నేను రాస్తాను. బ్రేకర్ తెరుచుకోవాలంటే దాన్ని కదిలించే ట్రిప్ కాయిల్‌కు బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటు కావాలి. రిలే ఎంత ఖరీదైనదైనా, ఆ గదిలో ఒక సెల్ కనెక్షన్ వదులైతే ఫాల్ట్ వచ్చిన క్షణంలో బ్రేకర్ కదలదు, ఆ ఫాల్ట్‌ను వెనకున్న సబ్‌స్టేషన్లు నెమ్మదిగా తీయాలి, ఈలోగా పరికరాలు కాలిపోతాయి. నువ్వు ఏ సబ్‌స్టేషన్‌కు వెళ్లినా కంట్రోల్ ప్యానెళ్ల కంటే ముందు బ్యాటరీ గది తలుపు తీయించు. లోడ్ టెస్ట్ ఎప్పుడు చేశారో అడుగు.

లైను మీద మనుషులు ఉండగా నీ లెక్కల ఒత్తిడి వాళ్ల మీద పడనివ్వకు. "పీక్ వచ్చేస్తోంది, త్వరగా లైను ఇచ్చేయండి" అన్న ఫోన్ ఎంత ప్రమాదమో నాకు తెలుసు. పక్కన ఛార్జ్‌లో ఉన్న సర్క్యూట్ నుంచి ఆపిన తీగలోకి కూడా వోల్టేజీ ప్రేరణతో వస్తుంది. పని చోటుకు రెండు వైపులా ఎర్తింగ్ వేసి, చివరి మనిషి దిగి, పర్మిట్ కాగితం తిరిగి చేతికొచ్చేదాకా ఆ లైను నీ లెక్కలో లేనట్టే. షట్‌డౌన్‌కు ఆరు గంటలు కావాలంటే ఎనిమిది ఇచ్చే వీలుందేమో చూడు.

వచ్చే నెల మీ షట్‌డౌన్ జాబితా తయారవుతుందన్నావు. నీ పై అధికారి అనుమతి తీసుకుని, దాన్ని ఇక్కడ పట్టుకొచ్చి కూర్చో. ఒక్కో లైనూ తీసి, రెండోది కూడా తీసి, ఏ గంటకు ఏమవుతుందో ఇద్దరం కలిసి చూద్దాం. వచ్చేముందు ఆ జాబితాలో ఒక్క లైనైనా నడిచి చూసి రా. ఏ టవర్ దగ్గర ఏం చూశావో నంబరుతో సహా రాసుకుని రా.

ఇట్లు,
నీ మావయ్య