పోటీతో మొదలుపెట్టవద్దు తల్లీ

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కడపలో ఫొటోగ్రఫీ క్లబ్బు పెడుతున్నారని, అప్పుడే పద్దెనిమిది మంది చేరారని, వాళ్లలో ఆరుగురు ఆడపిల్లలని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ముప్పయి ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి. ఆ ఊళ్లో మళ్లీ నలుగురు చేరి ఫొటోల గురించి మాట్లాడుకుంటారంటే నాకు పండగే. అయితే ఏడాది కార్యక్రమాలని నువ్వు పంపిన పట్టికలో మొదటి వరస దగ్గరే ఆగిపోయాను. ప్రారంభోత్సవం, ఫొటోల పోటీ, బహుమతి ప్రదానం అని రాశావు. ఆ వరస కొట్టెయ్యి తల్లీ. పోటీని తొమ్మిదో నెలకో పదో నెలకో జరుపు. ఎందుకో చెబుతాను.

ఎనభైల చివర్లో మేమూ ఏడెనిమిది మందిమి ఇలాగే కలిశాం. మొదటి రెండేళ్లు ఎంతో బాగా గడిచాయి. స్టూడియో వెనక చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద, డెవలపర్ తట్టలోని తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలి వస్తుంటే అందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో ద్రావణంలోంచి తీసి, కడిగి, తీగకు క్లిప్పులతో తగిలించిన ప్రింటు ఇంకా ఆరకముందే దాని మీద వాదన మొదలయ్యేది. మూడో ఏడు ఒక పెద్దమనిషి వెండి కప్పు ఇస్తానన్నారు. కప్పు వచ్చాక మా మధ్య మాటలు తగ్గిపోయాయి. ఎక్కడికి వెళ్లి తీశారో ఎవరూ చెప్పడం లేదు. ప్రింట్లను పోటీ రోజు దాకా కవర్లలో దాచుకోవడం మొదలైంది.

ఆ ఏడే మాలో ఒకరు పుష్పగిరి దారిలో ఒక ముళ్లపొదలో పికిలిపిట్ట గూడు చూశారు. పిల్లలు స్పష్టంగా కనపడాలని అడ్డొచ్చిన కొమ్మలు విరిచి ఫొటో తీశారు. బొమ్మ చాలా బాగా వచ్చింది, కప్పు ఆయనకే దక్కింది. రెండు రోజుల తర్వాత ఆ దారిన వెళ్లి చూస్తే గూడు ఖాళీ. నీడ పోయింది, మరుగు పోయింది. ఎండకో కాకికో ఆ పిల్లలు బలైపోయాయి. ఆ ప్రింటుకు మార్కులు వేసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. పొద మధ్యలో ఉన్న గూటి మీదికి అంత ఎండ ఎలా వచ్చిందని ఆ రోజు నేను అడగలేదు. మునుపటిలా బల్ల మీద ప్రింటు పెట్టుకుని మాట్లాడుకుని ఉంటే ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడిగేవారు. మార్కుల కాగితం మీద ప్రశ్నకు చోటు లేదు. ఇన్నేళ్లయినా ఆ గూడు నా మనసులోంచి పోలేదు.

అందుకని నీ క్లబ్బుకు మొదట కావలసింది ఒక పెద్ద బల్ల. నెలకు ఒక ఆదివారం ఉదయం అందరూ తలా మూడు ప్రింట్లు తేవాలి, అంతకు మించి వద్దు. పోస్టుకార్డు సైజు చాలు, ఖర్చూ తక్కువ. ఫోనులో చూపిస్తామంటే ఒప్పుకోకు. ఫోనులో ఒక బొమ్మను రెండు క్షణాలు చూసి వేలితో జరిపేస్తాం. కాగితం బల్ల మీద కదలకుండా ఉంటుంది, మనల్నీ కూర్చోబెడుతుంది. వెనక పేరు బదులు అంకె మాత్రమే రాయించు. తీసినవారు చివరి దాకా నోరు విప్పకూడదు. చూసేవారు 'బాగుంది' అని ఊరుకోకూడదు. కన్ను మొదట ఎక్కడికి పోయింది, తర్వాత ఎటు తిరిగింది, ఎక్కడ చిక్కుకుంది, అది చెప్పాలి. తీసినవారు అనుకున్న చోటికి ఒక్కరి కన్నూ పోలేదని తెలిస్తే అంతకంటే పాఠం లేదు. మొదటి రెండు నెలలు కొందరు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల ప్రింట్లలో మెచ్చదగిన దాన్ని ముందు నువ్వే వెతికి చెప్పు, కానీ లేని గుణాన్ని అంటగట్టకు.

నా దగ్గర రెండు నల్ల అట్టముక్కలున్నాయి, చెరొకటి మూలమట్టం ఆకారంలో కత్తిరించినవి. వాటిని ఎదురెదురుగా ప్రింటు మీద పెట్టి దగ్గరికీ దూరానికీ జరిపితే ఫొటో అంచులు ఎక్కడ ఉండాలో కంటికి కనపడుతుంది. పక్కనున్న కరెంటు స్తంభం పోతే ముసలమ్మ ముఖం ఎలా నిలబడుతుందో చెప్పడానికి గంట ఉపన్యాసం అక్కర్లేదు. ప్రింటును తలకిందులు చేసి చూడటం కూడా నేర్పు. మనిషి, చెట్టు, గుడి అన్న పేర్లు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. బరువు ఒక పక్కకు ఒరిగిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

శిక్షణ తరగతులకు బయటినుంచి పేరున్నవాళ్లను పిలవాలని రాశావు. తర్వాత పిలుద్దువు గాని, ముందు ఒక కోడిగుడ్డు తెప్పించు. తెల్ల కాగితం మీద గుడ్డు పెట్టి కిటికీ పక్కన ఉంచి, ఒక పూటంతా దాన్నే తీయించు. కిటికీ తలుపు సగం మూస్తే నీడ ఎలా గట్టిపడుతుంది, అవతలి పక్కన థర్మోకోల్ అట్ట పెడితే ఎలా మెత్తబడుతుంది, తెల్లటి దాని మీద తెల్లటిది ఎలా విడిగా కనపడుతుంది, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ గుడ్డు బదులు మనిషిని కూర్చోబెడితే అదే పోర్ట్రెయిట్. ఫోనుతో వచ్చినవారినీ ఖరీదైన కెమెరాతో వచ్చినవారినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టు. ఫోనువారికి ఒక్కటే ముందుగా చెప్పు, లెన్సును మెత్తటి గుడ్డతో తుడవమని. సగం మసక బొమ్మలకు కారణం వేలిముద్రలే.

ఇక నడకలు. నెలకో కొత్త ఊరని పట్టిక వేశావు. నన్నడిగితే మొదటి మూడు నెలలూ ఒకే వీధికి వెళ్లండి, వై.వి. వీధి కానీ బుగ్గవంక గట్టు కానీ. మొదటిసారి అందరూ ఒకే బొమ్మ తెస్తారు. రెండోసారి తీయడానికి ఏమీ లేదంటారు. అసలు చూడటం మొదలయ్యేది మూడోసారే. అయిదుగురికి మించి ఒక జట్టుగా వెళ్లకండి. పద్దెనిమిది కెమెరాలు ఒక పూలమ్మే ఆమె చుట్టూ మూగితే ఆమె బేరం పోతుంది, మీకూ దక్కేదేమీ లేదు. మన ఎండ సంగతి నీకు తెలియనిది కాదు. వేసవిలో ఎనిమిదయ్యేసరికే ముఖాల మీద కళ్లు గుంటలుగా పడిపోతాయి. తెల్లవారే వెలుగుకే వెళ్లాలి, లేకపోతే అరుగుల నీడల్లో పని చేయాలి.

నాపరాయి గనులకు ఒకసారి తప్పకుండా వెళ్లండి, ఎర్రగుంట్ల వైపు. నల్ల రాయి, తెల్ల దుమ్ము, మధ్యలో మనిషి చర్మం. వెలుతురు కొలవడం అక్కడ నేర్చుకున్నవారికి ఇంకెక్కడా ఇబ్బంది ఉండదు. అయితే ముందు రోజు ఒకరు వెళ్లి గని యజమానినీ పనివాళ్లనూ అడిగి రావాలి.

గండికోటకు ఎలాగూ వెళతారు. చలికాలంలో పెట్టుకోండి. ముందు రోజు సాయంత్రమే చేరి అక్కడ పర్యాటక శాఖ హరిత హోటల్లో దిగితే సూర్యోదయానికి తొందరపడనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెన్నా లోయ అంచున కంటికి కెమెరా ఆనించుకుని ఎవరూ ఒక్క అడుగు కూడా కదలకూడదు, ముందుకైనా వెనక్కైనా. కదలాలంటే కెమెరా దించాలి. ఇద్దరిద్దరిని జతలుగా వేసి, ఒకరు తీస్తుంటే రెండోవారు వాళ్ల కాళ్లనే చూస్తుండాలని నియమం పెట్టు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ట్రైపాడ్‌కు ముందుగానే అనుమతి తీసుకో. అందరూ లోయనే తీస్తారు. జుమ్మా మసీదు తోరణాలు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి గోపురం మీద సాయంత్రపు ఎండ, వీటి దగ్గర కూర్చున్నవారికి మంచి బొమ్మలు దొరుకుతాయి.

పండగలకు మన జిల్లాలో కొదవ లేదు. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. వేదిక దగ్గరికి చేరాలని తోసుకోకుండా, కూర్చున్న జనం ముఖాల వైపు తిరగమను. ఫ్లాష్ వద్దు. పెద్ద దర్గా ఉరుసుకు వెళితే దర్గా పెద్దలతో ముందే మాట్లాడు, తీయవద్దన్న చోట కెమెరా సంచిలోనే ఉండాలి. ఉగాది నాడు దేవుని కడపకు వెళ్లండి. అక్కడి వేంకటేశ్వరస్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అనే నమ్మకంతో ముస్లిం కుటుంబాలు స్వామి దర్శనానికి వస్తాయి. దాన్ని వింతగా తీయకండి. వాళ్లకది ఏటా జరిగే పండగ, ఆ మామూలుతనమే ఫొటోలోకి రావాలి.

మీలో ఒకబ్బాయి కలివికోడిని తీయాలని పట్టుదలగా ఉన్నాడని రాశావు. అతన్ని కోప్పడకు, ఆ పిట్ట కథ చెప్పు. 1900 తర్వాత ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన సిద్ధవటం ప్రాంతంలోనే మళ్లీ కనపడింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అది రాత్రిపూట తిరిగే పక్షి. దీపాలు పట్టుకుని పొదల్లో వెతికితే దానికి మిగిలిన ఆ కొద్ది చోటూ మనమే చెడగొట్టినట్టవుతుంది. అటవీ శాఖవారిని పిలిపించి ఒక సాయంత్రం మాట్లాడించు. పిట్టల మీద ఆశ ఉన్నవాళ్లు ఊరి చెరువు గట్టున కొంగలతో మొదలుపెట్టవచ్చు.

తీసిన ఫొటోను తిరిగి ఇవ్వడం గురించి నీ పట్టికలో ఒక్క వరసా లేదు. స్టూడియోలో ఉన్నన్నాళ్లూ నేను తరచుగా చూసిన దృశ్యం ఒకటుంది. ఇంట్లో మనిషి పోయాక, ఏదో పెళ్లిలో తీసిన గుంపు ఫొటో తెచ్చి, అందులో గోరంత ముఖాన్ని చూపించి, దండ వేసుకోవడానికి పెద్దది చేసి ఇమ్మని అడిగేవారు. ఎంత కష్టపడినా ఆ ముఖం చుక్కలు చుక్కలుగానే వచ్చేది. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, అయినా ఫోను పాడైతే బొమ్మలూ పోతాయి. అందుకే గని పనివాళ్లకు, పూలమ్మే ఆమెకు, దర్గా ముందు కూర్చునే తాతకు నెల తిరిగేలోగా ప్రింటు చేరాలి. దాని కోసం సభ్యుల చందాలోంచి ముందే కొంత పక్కన పెట్టు. ప్రింటు ఇచ్చిన రోజున వాళ్లు మీకు తీయనిచ్చే బొమ్మ వేరుగా ఉంటుంది, నువ్వే చూస్తావు.

ఆడపిల్లల ఇళ్లలో తెల్లవారుజాము నడకలకు పంపడానికి జంకుతారు. వాళ్ల అమ్మానాన్నలను ఒక ఆదివారం బల్ల దగ్గరికి పిలిచి పిల్లల ప్రింట్లు చూపించు. 1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, కెమెరా దగ్గర కూడా స్త్రీనే పెట్టారు. ఇళ్ల లోపల, పెళ్లి పనుల్లో, వంటిళ్లలో, పురుళ్లలో మగవాళ్ల కెమెరా చేరలేని చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ బొమ్మలు మీ ఆరుగురూ తేవాలి.

ప్రదర్శన ఆగస్టు 19న పెట్టండి. 1839లో ఆ రోజే ఫ్రెంచి ప్రభుత్వం ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఒక్కొక్కరివి రెండే, పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజులో, మెరుపు లేని కాగితం మీద, కంటి ఎత్తులో తగిలించండి. ప్రారంభించడానికి గని నుంచి ఒకరిని పిలిస్తే నాకు ఇష్టం.

పోటీ ఆ తర్వాతే. అప్పటికి ఎవరి కన్ను ఎలాంటిదో ఎవరికి వారికి తెలిసి ఉంటుంది. సెలూన్లని పిలిచే బయటి ఫొటో పోటీలకు పంపాలన్నా అప్పుడే పంపండి. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ 1953 నుంచి పనిచేస్తోంది, దాని గుర్తింపు ఉన్న పోటీల నియమాలు అందరితో చదివించు. నేచర్ విభాగంలో ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. ఫొటో కంటే ఆ ప్రాణి క్షేమమే ముఖ్యమని ఆ నియమాల్లోనే రాసి ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు పుష్పగిరి దారి గుర్తొస్తుంది.

లెక్కల పుస్తకం ఇద్దరి చేతిలో ఉంచు, పదవులు ఏడాదికోసారి మార్చు. అంతకు మించి నియమావళి అక్కర్లేదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా నేనూ బస్సెక్కి వస్తాను. నా అట్టముక్కలు తెస్తాను. నావి కూడా మూడు ప్రింట్లు తెస్తాను, వెనక అంకె మాత్రమే ఉంటుంది. అవి ఎవరివో ముందుగా ఎవరికీ చెప్పకు. కోడిగుడ్డు నువ్వు తే.

ఇట్లు
మీ మామయ్య