కొండ రేసులకి ముందు మ్యాప్ నేర్చుకో: మేనల్లుడికి ఒక ఉత్తరం

నాన్నా,

నువ్వు ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో జరిగే బారోడేల్ ఫెల్ రేస్‌కి (ఫెల్ అంటే ఇక్కడి మాటలో కొండ) పేరు ఇవ్వాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నీ కాళ్ల గురించి నాకేం బెంగ లేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే మారథాన్లు పరిగెత్తినవాడివి, ఊపిరి ఉంది, పట్టుదల ఉంది. కానీ ఇది మలుపు మలుపుకీ ఒక వాలంటీర్ నిలబడి చెయ్యి చూపించే రోడ్డు రేస్ కాదు. చెక్‌పాయింట్లు ఎక్కడున్నాయో చెబుతారు. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా పోవాలో నువ్వే తేల్చుకోవాలి. రాస్త్‌వెయిట్‌లో బయల్దేరి బెస్సీబూట్, స్కాఫెల్ పైక్, స్టైహెడ్, గ్రేట్ గేబుల్, హానిస్టర్, డేల్ హెడ్ మీదుగా తిరిగి రాస్త్‌వెయిట్ చేరేసరికి దాదాపు 27 కిలోమీటర్లు అవుతుంది, 2000 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆగస్టులో కూడా పైన మబ్బు దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో కనపడదు. అందుకని ఈ ఏడాది ఆ రేస్ పక్కన పెట్టు. ఈ ఏడాది మ్యాప్, కంపాస్ మీద కూర్చో.

కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంటుంది. దారి తప్పినప్పుడు తీసి చూసుకోవడానికే మ్యాప్ అనుకుంటారు. దారి తప్పాక మ్యాప్ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే అప్పటికి నువ్వు దాని మీద ఎక్కడున్నావో నీకే తెలీదు. ఎక్కడున్నావో తెలిసినంతసేపే మ్యాప్ మాట్లాడుతుంది. కాబట్టి మొదటి అలవాటు ఇది: మ్యాప్ బ్యాగులో కాదు, చేతిలో ఉండాలి. మడిచి, నువ్వు పోతున్న ముక్క మాత్రమే పైకి కనపడేలా పట్టుకుని, నువ్వు నిలబడ్డ చోట బొటనవేలు ఆనించి ఉంచు. గోడ దాటావా, వేలు జరుపు. వాగు దాటావా, మళ్లీ జరుపు. ఇంకొకటి: కాగితం మీది ఉత్తరం నేల మీది ఉత్తరానికి తిరిగేలా మ్యాప్‌ని తిప్పి పట్టుకో. దక్షిణానికి పోతుంటే అక్షరాలు తలకిందులుగా ఉంటాయి, ఉండనీ. అప్పుడు కాగితం మీద ఎడమ పక్క ఉన్నది నేల మీదా నీ ఎడమ పక్కనే ఉంటుంది.

ఏ మ్యాప్ కొనాలని అడుగుతావు. నేర్చుకోవడానికి ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్ కొనుక్కో. స్కేలు 1:25,000, అంటే మ్యాప్ మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్ 1:50,000 స్కేలుది, అందులో పొలాల గోడలు ఉండవు. కొండల్లో ఆ రాతి గోడలే నీకు పెద్ద ఆసరా, మబ్బులో కూడా చేత్తో తడిమి చూసుకోవచ్చు. రేసుల్లో చాలామంది హార్వే కంపెనీ మ్యాప్ వాడతారు. వానకి తడవదు, అనవసరమైన గీతలు తక్కువ. కానీ రెండిటికీ తేడా గుర్తుంచుకో. ఎక్స్‌ప్లోరర్‌లో కొండ ప్రాంతాల్లో కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) గీతకీ గీతకీ మధ్య 10 మీటర్ల ఎత్తు, హార్వేలో 15 మీటర్లు. ఒకదానికి అలవాటుపడ్డ కన్ను ఇంకోదాని మీద ఏటవాలుని తప్పుగా అంచనా వేస్తుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో ముక్కలు ముక్కలుగా ఉండే ఆకుపచ్చ గీతలు చూసి మోసపోకు. ఆ గీత చెప్పేది అక్కడ నడిచే హక్కు ఉందని మాత్రమే. నేల మీద కాలిబాట ఉందని చెప్పేవి ముక్కలు ముక్కలుగా ఉండే సన్న నల్ల గీతలు. ఆకుపచ్చ గీత ఉంది కదా అని వెళ్తే అక్కడ మోకాటి లోతు బురద, ఫెర్న్ పొదలు తప్ప ఏమీ కనపడకపోవచ్చు.

ఇక అసలు చదువు కాంటూర్ గీతలు. కంపాస్ పట్టుకోవడం ఒక పూటలో వస్తుంది, కాంటూర్లు చదవడానికి నెలలు పడుతుంది. అయినా అదే ముఖ్యం. మన ఊరి చెరువు ఎండాకాలంలో ఇంకుతుంటే గట్టు చుట్టూ నీటి గీతలు ఒకదాని కింద ఒకటి మిగిలేవి, గుర్తుందా? ఒక్కో గీత మీద ఎక్కడ నిలబడ్డా ఒకే ఎత్తు. గట్టు నిటారుగా ఉన్న పక్క గీతలు దగ్గర దగ్గరగా, పల్లంగా పారిన పక్క దూరదూరంగా ఉండేవి. కాంటూర్ అంటే అంతకంటే ఏమీ లేదు. గీతలు కొండ పైభాగం వైపు మొన తేలితే అక్కడ వాగో లోయో ఉంటుంది. కింది వైపు మొన తేలితే కొండ కొమ్ము ముందుకు పొడుచుకొచ్చినట్టు. రెండు శిఖరాల గుండ్రాల మధ్య సన్నబడిన చోటు కనుమ, ఇక్కడివాళ్లు కోల్ అంటారు. ఏ వైపు ఎత్తో ఏ వైపు పల్లమో అనుమానం వస్తే గీత మీది అంకె చూడు. అంకె తల ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది.

రోజూ రాత్రి పదినిమిషాలు మ్యాప్ ముందు వేసుకుని ఒక దారి ఎంచుకుని మనసులో పరిగెత్తు. ఇక్కడ ఎక్కుడు మొదలు, ఎడమ పక్క లోయ, తర్వాత కాస్త చదును, ఆ పైన గోడ. శనివారం అదే దారి నడిచి, ఊహించిందీ చూసిందీ పోల్చుకో. నా దృష్టిలో దీన్ని మించిన సాధన లేదు.

కంపాస్ గురించి. అడుగున పారదర్శకంగా పలక ఉండేది కొనుక్కో, తాడు కట్టి మణికట్టుకి తగిలించుకో. దిక్కు పట్టుకోవడం ఇలా. పలక అంచు నువ్వున్న చోటి నుంచి పోవాల్సిన చోటికి ఆనించు, బాణం పోవాల్సిన వైపు ఉండాలి. చక్రం తిప్పు, దాని లోపలి గీతలు మ్యాప్ మీది నిలువు గళ్ల గీతలకి సమాంతరంగా వచ్చేదాకా, దాని ఉత్తరపు గుర్తు మ్యాప్ ఉత్తరం వైపే ఉండేలా చూసుకుంటూ. మ్యాప్ తీసెయ్. కంపాస్‌ని గుండె ముందు సమంగా పట్టుకుని, సూది ఎర్ర కొన చక్రంలోని బాణంలో కూర్చునేదాకా నువ్వే తిరుగు. చేతులు కాదు, మనిషివి మొత్తం తిరగాలి. ఇప్పుడు పలక మీది బాణం ఎటు చూపిస్తే అటు. ముందున్న ఒక రాయినో గడ్డి దుబ్బునో గుర్తు పెట్టుకుని దాని దగ్గరికి పరిగెత్తు, అక్కడి నుంచి ఇంకోటి చూసుకో. సూదిని చూస్తూ పరిగెత్తితే బోర్లా పడతావు.

దిక్కు పట్టేముందు ఒక్క మాట పైకి అనుకో: నేను పోవాల్సింది ఈశాన్యం, లేదా నైరుతి. వాస్తు పుణ్యమా అని ఎనిమిది దిక్కులూ మనింట్లో పిల్లలకి కూడా తెలుసు, అది వాడుకో. అలసిపోయినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు పలకని తిరగేసి పెట్టి సరిగ్గా వెనక్కి పోవడం. నోటితో ఈశాన్యం అనుకున్నాక కంపాస్ నైరుతి చూపిస్తే వెంటనే తెలిసిపోతుంది. ఎండ ఉంటే సూర్యుణ్ణి కూడా చూడు. ఇక్కడ సూర్యుడు మనవైపు లాగా నడినెత్తికి రాడు, వేసవిలో గడియారం ఒంటిగంట చూపించేటప్పుడు దాదాపు సరిగ్గా దక్షిణాన ఉంటాడు.

అయస్కాంతపు ఉత్తరానికీ మ్యాప్ ఉత్తరానికీ ఉన్న తేడా గురించి పాత పుస్తకాలు పేజీలు పేజీలు రాస్తాయి. ప్రస్తుతం లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆ తేడా చాలా స్వల్పం, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అంతకంటే పెద్ద ప్రమాదం నీ ఫోను, దాని కవర్లో ఉండే అయస్కాంతం. ఒకే జేబులో రెండూ పెడితే ఎర్ర కొన దక్షిణం చూపించడం మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. వేర్వేరు జేబుల్లో పెట్టు. స్కాట్లండ్‌లో స్కై దీవి కూలిన్ కొండలకి వెళ్తే అక్కడి రాయే సూదిని లాగేస్తుంది, అది వేరే కథ.

5 డిగ్రీలు తప్పితే కిలోమీటరు పోయేసరికి దాదాపు 90 మీటర్లు పక్కకి పోతావు. కాబట్టి ఒంటరి చిన్న గుర్తుకి గురి పెట్టకు. ఉదాహరణకి గోడ మీద ఉన్న గేటు దగ్గరికి పోవాలనుకో. సూటిగా పోతే గోడ తగిలాక గేటు కుడివైపుందో ఎడమవైపుందో తెలీదు. కావాలనే కాస్త ఎడమకి గురి పెట్టు, గోడ తగలగానే కళ్లు మూసుకుని కుడికి తిరగొచ్చు. అలాగే ప్రతి మజిలీకీ, ఇది దాటితే ఎక్కువ వచ్చేసినట్టే అనే ఒక గుర్తు ముందే అనుకుని ఉంచుకో.

స్కాఫెల్ పైక్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏదో ఒకరోజు నువ్వు అక్కడికి పోతావు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తు, 978 మీటర్లు. పైన అంతా బండరాళ్లు, బాట గుర్తుపట్టడం కష్టం. మబ్బులో చుట్టూ ఒకేలా ఉంటుంది. ఉత్తరాన బారోడేల్, పడమర వాస్‌డేల్, దక్షిణాన ఎస్క్‌డేల్. ఎటు దిగినా ఏదో ఒక లోయలో తేలతావు, కానీ తప్పు లోయలో తేలితే కారు దగ్గరికి రావడానికి పూట పడుతుంది. స్టైహెడ్ వైపు పోవాలంటే వాయవ్యంగా లింగ్‌మెల్ కోల్ వైపు దిగి కారిడార్ రూట్ అనే బాట పట్టుకోవచ్చు. నైరుతికి దిగితే మికిల్‌డోర్ కనుమ వస్తుంది. దాని అవతల బ్రాడ్ స్టాండ్ అనే రాతి మెట్లు చూడ్డానికి ఎక్కదగ్గట్టే ఉంటాయి, అక్కడ చాలా ప్రమాదాలు జరిగాయి. అందుకే శిఖరం మీద చెక్‌పాయింట్ ముట్టుకోగానే పరుగు తియ్యకు. నిలబడి, దిక్కు పట్టుకుని, అప్పుడు కదులు. దానికి పట్టే అర నిమిషం వృథా అనుకోకు.

ముందు పోతున్నవాడి వెనకాల గుడ్డిగా పోకు. వాడికి దారి తెలుసని నువ్వనుకుంటావు, వాడు ఇంకొకడి వెనక పోతుంటాడు. గుంపులో ఉన్నా నీ వేలు నీ మ్యాప్ మీదే ఉండాలి.

అయినా తప్పావనుకో. ఆగు. ఇంకాస్త పోతే తేలుతుందిలే అనే ఆలోచనే ప్రాణాల మీదికి తెస్తుంది. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి పోగలిగితే పో. లేదా ఒక కిటుకు ఉంది: వాలు మీద నిలబడి నీరు ఎటు జారుతుందో అటు కంపాస్ పట్టు. వాలు తూర్పుకి దిగుతుంటే, మ్యాప్‌లో గీతలు తూర్పుకి దిగే చోట్లలోనే నువ్వున్నావు, మిగతావన్నీ కొట్టెయ్. వాగు వెంట పోతే ఊరొస్తుందని మన పల్లెల్లో అంటారు, ఇక్కడ అది పనికిరాదు. లింగ్‌మెల్ కింద పియర్స్ గిల్ అలాంటి వాగే, దాని వెంట దిగినవాళ్లు ఇరుకు లోయలో జలపాతాల మీద చిక్కుకుపోతారు. సాయం కావాలంటే 999కి ఫోన్ చేసి పోలీసుని, మౌంటెన్ రెస్క్యూని అడుగు. సిగ్నల్ లేకపోతే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదు.

రేసుల విషయానికొస్తే, ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ వాళ్లు రేసుల్ని ఎ, బి, సి అని ఎక్కుడుని బట్టీ, లాంగ్, మీడియం, షార్ట్ అని దూరాన్ని బట్టీ విడగొడతారు. కిలోమీటరుకి సగటున 50 మీటర్లు ఎక్కాల్సి వస్తే ఎ. నువ్వు బి లేదా సి షార్ట్‌తో మొదలుపెట్టు. వివరాల్లో దారి కనుక్కునే నైపుణ్యం కావాలని రాసి ఉన్నవాటికి తర్వాత వెళ్దువుగాని. జీపీఎస్ వాచీ మీద ఆశ పెట్టుకోకు, చాలా రేసుల్లో దాన్ని చూసి దారి పట్టుకోవడానికి ఒప్పుకోరు. ఎప్పుడైనా మధ్యలో మానేస్తే మాత్రం నిర్వాహకులకి చెప్పకుండా ఇంటికి పోకు. నువ్వు హాయిగా బస్సెక్కి పోతే, నీకోసం వాలంటీర్లు రాత్రంతా కొండ గాలిస్తారు.

ఈలోగా మీ మాంచెస్టర్ చుట్టుపక్కల ఓరియెంటీరింగ్ (మ్యాప్ చూసుకుంటూ గుర్తులు వెతికి పరిగెత్తే ఆట) పోటీలకి వెళ్లు. ఖర్చు తక్కువ, అడవిలో తప్పినా ప్రమాదం తక్కువ. కోర్సులకి రంగుల పేర్లుంటాయి, నువ్వు ఆరెంజ్‌తో మొదలుపెట్టి, అది సులువనిపించాక లైట్ గ్రీన్‌కి పో. పరిగెత్తుతూ మ్యాప్ చదవడం అక్కడ వచ్చినంత త్వరగా ఇంకెక్కడా రాదు.

తర్వాత కిండర్ స్కౌట్ అనే కొండ పీఠభూమికి వెళ్లు. మాంచెస్టర్ నుంచి రైల్లో ఈడేల్‌లో దిగి, జేకబ్స్ ల్యాడర్ అనే ఎక్కుడు బాట మీదుగా ‘కిండర్ లో’ (Kinder Low) అనే చోటు చేరి, పీఠభూమి అంచు పట్టుకుని డౌన్‌ఫాల్ అనే జలపాతం దాకా పో. అక్కడిదాకా అంచే నిన్ను నడిపిస్తుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా, నల్లటి పీట్ బురద కాలవల మధ్య అడ్డంగా, కంపాస్ మీద క్రౌడెన్ టవర్ వైపు రావాలి. రెండు కిలోమీటర్లే, కానీ గుర్తులేమీ ఉండవు. దక్షిణపు అంచు ఎలాగూ అడ్డం వస్తుంది కాబట్టి ఎక్కువ దూరం తప్పిపోవు. మొదటిసారి వాతావరణం బాగున్న రోజే వెళ్లు, వానకోటు, టోపీ, గ్లవ్స్, విజిల్, తినడానికి ఏదైనా తప్పకుండా పెట్టుకో.

బయల్దేరేముందు ఆ దారిని మ్యాప్ మీద పెన్సిల్‌తో గీసి నాకు ఫోటో పంపించు. ఒక్కో మజిలీలో ఏ గుర్తు పట్టుకుంటావో, ఎక్కడ ఆగుతావో పక్కనే రాయి. నేను చూసి ఫోన్ చేస్తాను.

మీ అత్త
కెండల్