తాత మాట దొరకలేదు, కరెంటు నంబరు దొరికింది

“అబ్సిడియన్ అనే నోట్ల యాప్‌లో పన్నెండు వందల నోట్లు రాసుకున్నాను. ఒక నోటును మిగతా ఏ నోట్లు ప్రస్తావిస్తున్నాయో ఒక్కటీ తప్పిపోకుండా కనుక్కోవడం ఎలా?” అన్నది మీ ప్రశ్న. నేను తిరుపతివాణ్ని, నోట్లు అనగానే హుండీ లెక్కింపు గుర్తొస్తుంది. అందుకని పేజీలు అంటాను.

మీరు కోరిన జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. బ్యాక్‌లింకుల పట్టీ, అంటే ఈ పేజీని ప్రస్తావించే పేజీల జాబితా, తెరవండి. మీరు జంట చదరపు బ్రాకెట్లు పెట్టి లింకు చేసినవి పైన వస్తాయి, లింకు లేకుండా పేరు మాత్రం కనిపించినవి కింద వస్తాయి. తెలుగు వికీపీడియాలో “ఇక్కడికి లింకున్న పేజీలు” అని ఉంటుందే, అదే సరుకు. అది చాలదనే కదా మీరు అడిగింది? చాలదు. తెలుగులో రాసుకునేవారికి అసలే చాలదు. నాకది 2021 నవంబరులో తెలిసింది.

ఆ నెల వానలను తిరుపతిలో ఎవరూ మరిచిపోరు. వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది. ఊరు తేరుకోకముందే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతోందన్న వార్త వచ్చింది. దిగువ పల్లెలను ఖాళీ చేయిస్తున్నారు. మా పిన్ని వాళ్లది అందులో ఒక పల్లె. పిన్ని వచ్చేసింది. చిన్నాన్న మాత్రం ఆవులను వదిలి రానని కూర్చున్నాడు. మా ఇంట్లో కరెంటు లేదు, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ అడుగంటింది. అమ్మ నా వెనక నిలబడి, “మొరవ పోతే నీళ్లు ఎటు పారతాయో మీ తాత చెప్పినదంతా రాసుకున్నావు కదా నాయనా, చూసి చెప్పు” అంటోంది. మొరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. తాత మాట మీదైనా ఆయన కదులుతాడని ఆమె ఆశ.

రాసుకున్న మాట నిజమే. 2020 లాక్‌డౌన్‌లో అమ్మను కూర్చోబెట్టి, ఆమె చెప్పినదల్లా ఎక్కించాను. “రాయలచెరువు” పేజీ తెరిస్తే బ్యాక్‌లింకులు నాలుగు. ఒకటి విజయనగర కాలం గురించి, ఒకటి మామిడి తోట అమ్మకం, ఒకటి పెద్దత్త పెళ్లి, నాలుగోది ఎప్పుడో రాసి వదిలేసిన జాబితా. తాత మాట లేదు. “అలుగు” అని వెతికితే పుస్తకాల నుంచి నేను ఎత్తి రాసుకున్నవి వచ్చాయి. అంతలో ల్యాప్‌టాప్ ఆరిపోయింది. చివరికి చిన్నాన్నను పక్కింటి కుర్రాళ్లు ట్రాక్టరు ఎక్కించారు, ఆవులతో సహా. కట్ట నిలిచింది.

ఆ పేజీ డిసెంబరులో దొరికింది. బిల్లు కట్టడానికి కరెంటు సర్వీసు నంబరు వెతుకుతుంటే కనిపించింది. పేజీ పేరు “అమ్మ, మంగళవారం”. అందులో రాయలచెరువు అన్న మాటే లేదు, “పెద్ద చెరువు” ఉంది. అలుగు లేదు, మా ఇంటి మాట “మొరవ” ఉంది. ఏరు లేదు, “ఏటికి అడ్డం పడి” అని ఉంది. ఒక్క బ్రాకెట్టూ లేదు. తాత మాటల కిందే సర్వీసు నంబరు.

జబ్బు ఇదీ. “ఏరు” అని వెతికితే “ఏటి” రాదు. మన స్వామిని కోనేటి రాయడు అంటాం, “కోనేరు” అన్న పేజీకి ఆ రాయడు ఎన్నటికీ చిక్కడు. ఊరు, ఊరి, ఊళ్లో కూడా అంతే. ఈ యాప్ మీద వీడియోలు చేసేవారికి ఈ బాధ తెలియదు. వారికి పేజీలను చుక్కలుగా, లింకులను గీతలుగా చూపే ఆ పటం చూపించడమే పని. నా పటం దోమతెరలా ఉంటుంది, దాన్ని చూసి నేను ఇంతవరకు ఒక్క విషయమూ కనుక్కోలేదు. ప్రతి వీడియోలోనూ జర్మనీ పండితుడు లూమాన్ కాగితాల మీద రాసి దాచుకున్న తొంభై వేల చీటీలు వస్తాయి. ఆయన వేటికి వేటితో సంబంధమో తన చేత్తో నంబరు వేసుకున్నాడు, పట్టీ తెరిచి చూడలేదు. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

ఆ సంక్రాంతి సెలవులన్నీ దీనికే పోయాయి. విభక్తిని బ్రాకెట్ల బయట పెట్టాను: [[రాయలచెరువు]]కు, [[మొరవ]]లో. మాట రూపం మారే చోట నిలువు గీత: [[ఏరు|ఏటి]]కి. మొరవ పేజీకి అలుగు, కలుజు అని మారుపేర్లు ఇచ్చాను. మారుపేరు ఇస్తే బ్యాక్‌లింకుల పట్టీలో కింద ఆ పేర్లున్న పేజీలు కూడా వస్తాయి. యాప్ మీద నమ్మకం లేకపోతే, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ అనే కమాండుతో ఫోల్డరంతా వెతకవచ్చు. దానికి చదరపు బ్రాకెట్ అంటే వేరే అర్థం ఉంది. ఉన్నది ఉన్నట్టు వెతకమని చెప్పే ఎంపిక వాడకపోతే తప్పని కసురుతుంది, లేదా అడగనివి చూపిస్తుంది. నేను ఒక పూట అక్కడే పోగొట్టుకున్నాను.

అంతా సర్దుకున్నాననుకుంటే 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మార్చారు. యాప్‌లో పేజీ పేరు మారిస్తే లింకులు వాటంతట అవే మారాయి, బ్రాకెట్లు లేని “మా చిత్తూరు జిల్లా”లు మాత్రం అలాగే ఉండిపోయాయి. అమ్మ చెప్పిన వాటిలో నేను మార్చలేదు, ఆమె ఇప్పటికీ అలాగే అంటుంది.

తెలుగులో రాసుకునే ఎవరికైనా మొదటి ఏడాది బ్యాక్‌లింకులు సగం కూడా దొరకవు, పందెం కాస్తాను. మీ పన్నెండు వందల్లో ఎక్కువగా తిరగేసే ఇరవై పేజీలకు ముందు మారుపేర్లు ఇవ్వండి. మీ పుస్తకాల్లో ఉన్న మాట కాదు, మీ ఇంట్లో పలికే మాట ఇవ్వండి.

నా మొరవ పేజీకి ఇప్పుడు ఇరవై మూడు బ్యాక్‌లింకులు. ఆ మంగళవారం పేజీ కూడా వాటిలో ఉంది. కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ సర్వీసు నంబరు కోసం మొరవ దగ్గరికే వెళ్తున్నాను.