ఇంటిల్లిపాదీ కలిసి దానం చేయాలంటే

ప్రశ్న: మాది కర్నూలు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 95 వేలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఉంది. మావారు సొంతూరి రామాలయానికి 15 వేలు చందా రాసిన సంగతి రశీదు చూశాకే తెలిసింది. అత్తయ్య అన్నదానానికి ఇస్తుంటారు. నేను పనిమనిషి కూతురి ఫీజు కడుతున్నాను. ఎనిమిది, నాలుగు చదివే పిల్లలకు ఇవేవీ తెలియవు. అందరం కలిసి ఇవ్వడం ఎలా?

జవాబు: మీ ఇంట్లో ఇచ్చే మనసుకు కొదవ లేదమ్మా. ఎవరికి వారు చెప్పకుండా ఇస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఒక ఆదివారం అందరూ కూర్చుని గత ఏడాది ఇచ్చినవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫోన్‌పే హిస్టరీ, గుడి రశీదులు, వినాయక చవితి చందాలు, అత్తయ్య చేతినుంచి వెళ్లినవి, అన్నీ. తప్పులెంచడానికి కాదని ముందే చెప్పండి.

తర్వాత లెక్క. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. ఈఎంఐతో సహా ఆరు నెలల ఖర్చు పక్కన లేకపోతే చేతికొచ్చే జీతాల్లో ఒక శాతంతోనే మొదలుపెట్టండి. ఆ ఇబ్బంది లేకపోతే రెండు శాతం, అంటే నెలకు సుమారు 2 వేలు. జీతం పడిన మర్నాడే అది వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. ఏడాదికి 24 వేలు అవుతుంది. సగం ఉమ్మడిది. మిగతా 12 వేలలో పెద్దవాళ్లు ముగ్గురికీ తలా 3 వేలు, పిల్లలకు తలా 1,500. ఎవరి వాటా వారిష్టం. అత్తయ్య అన్నదానానికే ఇస్తానంటే ఎవరూ అడ్డు చెప్పకూడదు.

పనిమనిషి కూతురి ఫీజును ఉమ్మడి వాటాలో మొదట రాయండి. ఒప్పుకున్న చదువును మధ్యలో ఆపకూడదు. అయితే ఆ అమ్మాయి మీ పిల్లల ముందు తలవంచుకునే పరిస్థితి రానివ్వకండి. "ఒకరి చదువుకు" అని చెబితే చాలు.

పిల్లల వాటా మాత్రం నిజంగా వాళ్ల చేతిలోనే ఉండాలి. మన కర్నూలు ఎండలకు చలివేంద్రం కంటే మంచి పని ఏముంది? రెండు కుండలు, మూతలు, పొడవు కాడ గరిటె, గ్లాసులు, రోజూ నీళ్ల క్యాన్లు. ధరలు వాళ్లనే కనుక్కోమనండి, పొద్దున్నే కుండలు కడిగే వంతు కూడా వాళ్లదే. నెలాఖరుకు డబ్బు చాలకపోతే, ఉమ్మడి వాటా నుంచి ఎందుకివ్వాలో మీ అందరికీ వాళ్లే చెప్పి ఒప్పించాలి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి అన్నం పెట్టిన సంగతి అత్తయ్య చేత చెప్పించండి. ఆవిడ నోట వింటే పిల్లల మనసులో బాగా పడుతుంది.

పన్ను సంగతి క్లుప్తంగా: ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఉంటే మీరిచ్చే విరాళాలకు పన్ను మినహాయింపు (80జి అంటారు) రాదు. పాత విధానంలోనూ గుర్తింపు ఉన్న సంస్థకిస్తేనే వస్తుంది. 2 వేలు దాటిన నగదుకూ, బియ్యం, బట్టలకూ వర్తించదు. వాట్సాప్‌లో వచ్చే వైద్య సాయం క్యూఆర్ కోడ్‌లకు, ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కోకుండా పంపకండి.

రామాలయం 15 వేల మాట ఇక తిరగదోడకండి. ఇకమీదట 5 వేలు దాటే చందా ఏదైనా ఇంట్లో చెప్పాకే రాయాలని ఇద్దరూ అనుకోండి. ఆ నియమం మీకూ వర్తిస్తుంది.