సీసా మీద 230 డిగ్రీలని రాసి ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 27. జుట్టు ఒత్తుగా, ఉంగరాలుగా ఉంటుంది. కొసలకు రంగు వేయించాను. వారానికి మూడుసార్లు స్ట్రెయిటెనర్ వాడతాను. ‘230 డిగ్రీల వరకు రక్షణ’ అని రాసి ఉన్న స్ప్రే కొట్టుకున్నాకే వాడుతున్నాను. అయినా కొసల్లో తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి, దువ్వితే సరిగ్గా అక్కడే తెగిపోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. స్ప్రే మార్చాలా? క్రీమ్ మంచిదా, సీరమా? వాటి బదులు నూనె రాసుకోవచ్చా?

జవాబు: చుక్క ఉన్న వెంట్రుకను రెండు వేళ్ల మధ్య మెల్లగా జార్చి చూడండి. చుక్క దగ్గరికి వచ్చేసరికి గరుగ్గా తగులుతుంది. అక్కడ పై పొర ఊడిపోయి లోపలి పీచు విడిపోయిందన్నమాట. ఏ సీసాలో ఏముందని చెప్పినా దాన్ని అతికించేది లేదు. చుక్కకు కాస్త పైన కత్తిరించేయండి.

ఇక అసలు సంగతి. స్ప్రే కొట్టిన ఎంతసేపటికి ప్లేట్లు పెడుతున్నారు? నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకామె జుట్టు పైకి బాగా ఆరినట్టే కనిపించింది. పాయ తీసి ప్లేట్ల మధ్య పెట్టానో లేదో చుయ్‌మని ఆవిరి లేచింది. నాకు పని నేర్పే అక్క చటుక్కున నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆమె మెడ వెనక నా వేళ్లు పెట్టించింది. లోపలి వరస ఇంకా తడి. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా మరిగితే బుడగలు కట్టి, లోపలి నుంచే గుల్ల చేస్తుంది. ఇప్పటికీ మెడ వెనక తడిమి చూడందే నేను స్ట్రెయిటెనర్ ముట్టుకోను. స్ప్రే కూడా తడే కదా! అది పూర్తిగా ఆరాలి. అందులో ఆల్కహాల్ ఉంటే మరీ జాగ్రత్త, అది మండే గుణం ఉన్నది.

సీసా మీది 230ని చూసి మెషిన్‌నూ 230కి పెట్టేవాళ్లు చాలామంది. అక్కడే నాకు బాధేస్తుంది. హీట్ ప్రొటెక్టెంట్, అంటే వేడి నుంచి కాపాడే ఇలాంటి స్ప్రే గానీ క్రీమ్ గానీ, వెంట్రుక మీద పల్చని పొరలా పరుచుకుని వేడి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది, ప్లేట్ల రాపిడినీ తగ్గిస్తుంది. అంతే గానీ వేడిని పూర్తిగా ఆపదు. 200 దాటితే పొడి జుట్టులోని కెరాటిన్ (వెంట్రుకకు బలాన్నిచ్చే ప్రొటీన్) కూడా గట్టిగా దెబ్బతింటుంది. మీరు పై భాగానికి 180 మించొద్దు. రంగు వేసిన కొసలకు 150 చాలు. సన్నటి పాయ తీసుకుని నిదానంగా ఒక్కసారి లాగండి, అదే పాయను ఐదారుసార్లు లాగొద్దు.

మీ జుట్టుకు నేనైతే క్రీమే చెబుతాను. స్ప్రే పల్చటి జుట్టుకు హాయి, క్రీమ్ రాస్తే అలాంటి జుట్టు అణిగిపోతుంది. ఒత్తు జుట్టు మీద స్ప్రే పై వరసనే తడిపి ఊరుకుంటుంది. తలస్నానం చేసి తువ్వాలుతో అద్దుకున్నాక, జుట్టును నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి చిటికెన వేలి కొసంత క్రీమ్ సగం నుంచి కిందికి రాయండి. పెద్ద పళ్ల దువ్వెనతో దువ్వితే అంతటా అంటుతుంది. తర్వాత బ్లో డ్రయర్‌ను జానెడు దూరంలో కదుపుతూ పూర్తిగా ఆరబెట్టండి. సీరం రెండు చుక్కలు కొసలకు చాలు.

కొనేటప్పుడు ముందువైపు బొమ్మ కాదు, వెనక చిన్నక్షరాలు చదవండి. వెంట్రుక మీద ఆ పల్చని పొర కట్టే డైమెథికోన్, అమోడైమెథికోన్, పీవీపీ లాంటి పేర్లు జాబితాలో పైన ఉండాలి. ఎక్కువ మోతాదులో ఉన్నవే ముందు రాస్తారు. సువాసన తర్వాతెక్కడో కనిపిస్తే నామమాత్రమే. కొన్ని వారాలకు జుట్టు జిడ్డుగా, బరువుగా అనిపిస్తే పేరుకున్న పొరను వదిలించే క్లారిఫైయింగ్ షాంపూతో ఒకసారి కడిగేయండి.

నూనె తలస్నానానికి ముందు మంచిదే, ప్లేట్ల కింద మాత్రం వద్దు. అది అంతటా సమంగా పరుచుకోదు, ఎక్కువైతే పొగ వస్తుంది.

మీ స్ట్రెయిటెనర్‌కు ఉష్ణోగ్రత తగ్గించుకునే వీలుందా? లేకపోతే ముందు మార్చాల్సింది అదే, స్ప్రే సంగతి తర్వాత.